బర్కా తోటలో పిలార్ మేడం

మత్రా బజారులో మా కుట్టు దుకాణం పక్కన ఇవాళ పాత తలుపులకు రంగు వేస్తున్నారు. టర్పెంటైన్ వాసన లోపలికి రాగానే మిషన్ ఆపేశాను. నాకది పిలార్ మేడం వాసన.

ఆవిడ స్పెయిన్ నుంచి వచ్చిన చిత్రకారిణి. బర్కాలో ఒక తోట మధ్య ఇంట్లో ఒంటరిగా ఉండేవారు. మా ఆయన పోయిన ఏడాదే నేను కడప నుంచి ఈ అరబ్బు దేశానికి వచ్చి ఆ ఇంట్లో వంటకు కుదిరాను. తెల్లవారగానే మేడం తోటలో బొమ్మ మొదలుపెట్టేవారు. ఎండ మారగానే దాన్ని పక్కన పెట్టి, అదే దానిమ్మ చెట్టును మరో కాన్వాసు మీద వేసేవారు. దగ్గర నుంచి చూస్తే అన్నీ రంగు మరకలే. కాస్త వెనక్కి జరిగితే ఆకులు గాలికి కదులుతున్నట్టుండేవి. వెనకటి రోజుల్లో ఫ్రాన్సులో కొందరు ఇలాగే ఆరుబయట కూర్చుని, క్షణక్షణం మారే వెలుగును బొమ్మల్లోకి తెచ్చారట. చిన్నప్పుడు ఆ బొమ్మలు చూశాకే తనకు చూడటం తెలిసిందని మేడం చెప్పేవారు.

మా మధ్య మాటలన్నీ వచ్చీరాని అరబ్బీలోనే. "రమణా, ఆ నీడ ఏ రంగు?" అని ఒకరోజు అడిగారు.

"నలుపు, మేడం."

"మళ్ళీ చూడు."

చాలాసేపు చూశాను. నిమ్మచెట్టు కింద పలచటి వంకాయ రంగు మెల్లగా తేలింది. మా ఆయన పోయాక నేను దేన్నీ అలా చూసి ఎరగను.

మరుసటి ఏడు తుఫానులో వాగు పొంగి తోట మీద పడింది. దానిమ్మ, నిమ్మ కొట్టుకుపోయాయి. ఖర్జూరాలు బురదలో పడ్డాయి. ఇంట్లోని బొమ్మలు నాని పాడయ్యాయి. మేడం గడపలో కూర్చుని ముఖం చేతుల్లో దాచుకున్నారు. టీ ఇస్తే తీసుకోలేదు. ఇక స్పెయిన్ వెళ్ళిపోతారు, నా డ్యూటీ కూడా అయిపోయినట్టే అనుకున్నాను. ఇంతలో ఆవిడ లేచి, మేడ మీద మిగిలిన ఒక్క కాన్వాసు తెచ్చుకుని మోకాలి లోతు బురదలోకి దిగారు.

కంగారులో నాకు మా కడప మాటే వచ్చింది. "ఆడేముంది మేడం? తోటంతా పాయె గదా!"

మాట తెలియకపోయినా అర్థం చేసుకున్నారు. "పోయింది. నువ్వు ఇటు రా. ఇక్కడ నిలబడి చూడు."

వెళ్ళాను. కూలిన చెట్ల నడుమ నిలిచిన నీళ్ళలో ఆకాశమంతా గులాబీ, పసుపు రంగుల్లో పరుచుకుని ఉంది. మేడం ఏడుస్తూనే కుంచె కదుపుతున్నారు. కళ్ళు తుడుచుకున్నప్పుడల్లా చెంపకు రంగు అంటుకుంటోంది. ఆ బొమ్మ పూర్తయ్యేదాకా ఆవిడ పక్కనే నిలబడిపోయాను.

తర్వాత ఆవిడ కొత్త మొక్కలు నాటించారు. అవి పూతకు రాకముందే జబ్బు చేసి, తన దేశం వెళ్ళి అక్కడే కన్నుమూశారు. నేను మత్రా వచ్చి ఈ కుట్టు పనిలో చేరాను.

ఏడుపు ఆగితే గానీ మనిషి లేవలేదని నేను అనుకునేదాన్ని. ఏడుస్తూ కూడా లేవవచ్చు. ఆ పొద్దు బురదలో ఆవిడ పక్కన నిలబడినప్పుడు అది నా కళ్ళతో చూశాను.