నిలువు బాణీ, బాసింపట్టు బాణీ

ఆ రోజుల్లో మా కొత్తపేటలో సంగీతం వచ్చినవాళ్ళకంటే సంగీతం గురించి దెబ్బలాడుకునేవాళ్ళే ఎక్కువ. పాట వినాలంటే చెవులుండాలి గాని, బాణీల గురించి వాదించడానికి వాటితో బొత్తిగా పనిలేదు కదా! నాకప్పుడే హైస్కూల్లో ఉద్యోగమైంది. మొదటి జీతం చేతికి రాగానే ఫిడేలు నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది (పెళ్ళికానివాడికి జీతమొస్తే ఇలాంటి బుద్ధులే పుడతాయి). మా స్కూల్లోనే ఇద్దరు విద్వాంసులుండేవారు. ఒకాయన మిషన్ స్కూలు దొరగారి దగ్గర ఐరోపా పద్ధతి నేర్చి, ఫిడేలు గడ్డం కింద నొక్కిపెట్టి నిటారుగా నిలబడేవారు. పిల్లలు ఆయనకి నిలువు మేష్టారని పేరుపెట్టారు. రెండో ఆయన కొన్నాళ్ళు తంజావూరులో ఎవరింట్లోనో భోంచేసి వచ్చి, ఆ బాణీకి తానే వారసుణ్ణనేవారు. నేలమీద మఠం వేసుకు కూర్చుని ఫిడేలు కొసని పాదానికి ఆనించేవారు కనక ఆయన బాసింపట్టు మేష్టారు. తెలివైనవాణ్ణి కదా, పొద్దున ఒకరి దగ్గరా సాయంత్రం ఒకరి దగ్గరా చేరాను.

"టెక్నిక్కండీ, టెక్నిక్కు! వేలు పడాల్సిన చోట పడితే పాట దానంతటదే వస్తాదండి. ఆయనగారి ఊపుడేవిటండీ, ఫిడేలుకి చలిజరమొచ్చినట్టు?" అనేవారు నిలువు మేష్టారు.

"నిలబడి గురిపెట్టడానికి అదేవన్నా తుపాకీయా అండీ? బాణీ ఉండాలండి. ఆయన స్వరాలు గెడకర్రలండి, వంగవు" అనేవారు బాసింపట్టు మేష్టారు.

ఏడాది గడిచినా నేను పట్టుకోవడం దగ్గరే ఉన్నాను. ఒకరు దిద్దిన వేళ్ళని రెండోవారు విరిచి మళ్ళీ దిద్దేవారు. ఇద్దరిలో ఎవరూ ఓ పూర్తి పాట వాయించగా నేను వినలేదు. ఊళ్ళో విన్నవాళ్ళు కూడా తగల్లేదు.

అలాంటి నాచేత స్కూలు వార్షికోత్సవంలో కచేరీ చేయిస్తున్నట్టు హెడ్మాష్టారు ప్రకటించేశారు. నాకు సంబంధం అనుకుంటున్న రాజోలువారు కూడా, వీణ నేర్చిన వాళ్ళమ్మాయితో సహా, వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. నేను నిలబడి కమాను ఎత్తానో లేదో, ఎడమపక్క తెర చాటునుంచి "కూర్చోండి!" అని వినిపించింది. కూర్చున్నాను. కుడిపక్కనుంచి "లేవండి! పరువు తియ్యకండి!" అని గద్దింపు. లేచాను. గుంజీళ్ళు తీస్తున్నాననుకుని పిల్లలు లెక్కపెట్టడం మొదలెట్టారు. చివరికి ఇద్దరూ వేదిక మీదికే వచ్చి చెరో చెయ్యీ పట్టుకు లాగారు. కమాను తీగలమీద జారి, కుర్చీ ఈడ్చినట్టు ఒక్క మోత మోగింది. నా కచేరీ మొత్తం అదే.

"అది ఆయన బాణీయండి" అన్నారు గురువులిద్దరూ సభవైపు తిరిగి, ఒకరినొకరు చూపించుకుంటూ. ఆ అమ్మాయి పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. ఇక సంబంధం పోయిందనుకుని ఆ పూట అన్నం కూడా మానేశాను.

మర్నాడు ఆ అమ్మాయి తండ్రిగారు నా గదికొచ్చారు. "ఆయ్, మా అమ్మాయి ఒప్పుకుందండి. ఇంతలా నవ్వించినవారు మంచోరే అయ్యుంటారందండి. కాపోతే, ఆ ఫిడేలు ఇక్కడే ఎవరికన్నా ఇచ్చేసి రమ్మంటందండి" అన్నారు మొహమాటంగా.

లేస్తూ కూర్చుంటూ చెమటలు కక్కిన ఆ కుర్రమేష్టర్ని తలుచుకుంటే నాకిప్పుడు నవ్వూ జాలీ కలిసే వస్తాయి. పాపం, వాడి చదువు పూర్తిగా వృథా కాలేదు. ఈనాటికీ ఏ కచేరీకి వెళ్ళినా, విద్వాంసుడు ఫిడేలు పట్టుకున్న తీరు చూసి ఆయనది ఏ బాణీయో ఇట్టే చెప్పేస్తాను. వాయిస్తున్నది ఏ రాగమో మాత్రం పక్కనున్న మా ఆవిణ్ణి అడగాలి.