జీడిపప్పు ఎగుమతులు, మా మామ్మ

ఆ కాలంలో మా శృంగవరపుకోట వైపు ఆడపిల్ల పరిశోధన చేస్తోందంటే, అదేదో ఒంట్లో నలత కాబోలనుకొని "ఇప్పుడెలా ఉందమ్మా, తగ్గిందా?" అని పలకరించేవాళ్లు. రూపాయి విలువ తగ్గించిన మరుసటి ఏడు అది. పేపరు తీస్తే ఎగుమతులు, విదేశీ మారకం తప్ప మరో మాట ఉండేది కాదు. వాల్తేరులో ఎం.కాం. ఫస్టు క్లాసులో ప్యాసైన నేను (ఈ సంగతి అడగనివాళ్లకి కూడా చెప్పేదాన్ని, ఇప్పుడూ చెబుతున్నాను) పరిశోధనలో చేరి, మన ఉత్తరకోస్తా చిన్న వ్యాపారులు పై దేశాల బజారులో ఎలా నిలదొక్కుకుంటున్నారు, వాళ్ల వ్యూహాలేమిటి అన్న అంశం తీసుకున్నాను. 'వ్యూహం' అన్న మాటంటే నాకు అప్పట్లో తగని మోజు. ఇంట్లో పప్పు మాడినా ఇందులో అమ్మ వ్యూహమేమై ఉంటుందా అని ఆలోచించేదాన్ని.

మా గైడుని అందరం గళ్ల మేస్టారు అనేవాళ్లం. లోకంలో ఏ సంగతైనా గళ్లు గీసిన కాగితంలో ఏదో ఒక గడిలో ఇమడాలి, ఇమడకపోతే ఆ సంగతి లేనట్టే అని ఆయన నమ్మకం. ఆయన కళ్లజోడు సర్దుకొని, "శావుకార్లు మగపిల్లలకే నిజం చెప్పరమ్మాయ్, నీకేం చెబుతారు? వేసవి సెలవులు అయ్యేలోగా పనికొచ్చే జవాబులు తెస్తే సరే. లేకపోతే ఈ అంశం ఇంకొకరికి ఇచ్చేస్తాను" అన్నారు. ఆ మాట ఇంటికొచ్చి చెప్పడమే నా పొరపాటు. మా నాన్న పొలానికి చెరువుమట్టి తోలిస్తున్నవాడల్లా గట్టెక్కి వచ్చి, "అలగే కానీ. ఆ మేస్టారు వొద్దంటే మాత్రం మరి మాటాడకుండా పెళ్లి సేసుకోవాల" అన్నాడు. ఒంటరిగా తిరగడానికి వీల్లేదని మా మామ్మని తోడు పంపించాడు. అంటే ఆ వేసవికి నాకు మిగిలినవి రెండే దారులు, పరిశోధన లేదా పెళ్లిపీటలు.

మా మామ్మ గురించి ఒక మాట చెప్పాలి. ఆవిడ అడ్డపొగ తాగేది, అంటే చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టుకొని కాల్చేది. ఆ నిప్పు నోట్లో ఉండగానే మాట్లాడేది కూడా. రైల్లో, బస్సులో, ఎడ్లబండి మీద, ఎక్కడ కూర్చున్నా చుట్టుపక్కల నలుగురి పుట్టుపూర్వోత్తరాలూ తెలుసుకోనిదే లేచేది కాదు. నేనేమో గంజిపెట్టిన చీర కట్టుకొని, చంకలో ప్రశ్నల కాగితాలు పెట్టుకొని, ఆవిడ పక్కన నడవడానికి సిగ్గుపడుతూ నడిచేదాన్ని.

విజయనగరంలో గోగునార ఎగుమతి చేసే ఆయన దగ్గర మొదలుపెట్టాం. ఆశ్చర్యం, ఆయన సాదరంగా కూర్చోబెట్టి అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పాడు. శ్రీకాకుళంలో పసుపు శావుకారూ అంతే. ఎవరికీ చెప్పని శావుకార్లు నాకు చెబుతున్నారంటే నా ప్రశ్నల పదునే కారణమని తేల్చుకున్నాను. వెళ్లిన ప్రతి ఇంట్లోనూ మామ్మ చెప్పులు విప్పీ విప్పకుండానే పెరటివైపు లోపలికి వెళ్లిపోయేది. ఆవిడకి ఎగుమతుల మీద ఆసక్తి లేదు కదా, పోనీలే, ఆడవాళ్లతో కాలక్షేపం చేస్తుంది అనుకున్నాను.

ఇక పలాస. అక్కడి జీడిపప్పు శావుకారిని ఊరంతా డబ్బాల శావుకారు అంటారు, పప్పు డబ్బాల్లో పెట్టి పై దేశాలకి పంపుతాడు గనుక. ఆయన నన్ను అరుగు మీద కుర్చీలో కూర్చోబెట్టి, వేయించిన జీడిపప్పు వెండి పళ్లెంలో పెట్టించాడు. నేను గొంతు సవరించుకొని, "తమ సంస్థలో భాగస్వాములెందరండీ?" అన్నాను. "బాగస్తులా? నేరు తల్లీ. అన్నదమ్ముల గొడవ నేదు. అంతా మావోడిదే" అన్నాడు. "వచ్చే అయిదేళ్లలో విస్తరణకి ప్రణాళికలేమైనా ఉన్నాయా?" అన్నాను. "ఉన్నాయి కాదేటి? మేడ మీద రెండు గదులు ఏత్తన్నాం, గాలొస్తాది" అన్నాడు. గిడ్డంగులనుకొని రాసుకున్నాను. సరుకు గాలి తగిలేలా నిలవ చేయడం ఎంత ముందుచూపో అని మనసులో మెచ్చుకున్నాను కూడా. "తమ తరవాత సంస్థ బాధ్యతలు ఎవరివండీ?" అనేసరికి ఆయన ముఖం వెలిగిపోయింది. "ఒరే, ఇలగ రారా!" అని లోపలికి కేకేశాడు. నూనె కారుతున్న క్రాపుతో, కొత్త టెరిలిన్ చొక్కాతో ఓ అబ్బాయి వచ్చి, తలొంచుకొని స్తంభాన్ని పట్టుకొని నిలబడ్డాడు. "మీకు విదేశాలకి వెళ్లి మార్కెట్టు చూసి వచ్చే ఉద్దేశం ఉందా?" అని అడిగాను. ఆ అబ్బాయి చెవులు ఎర్రబడ్డాయి. "మీరెలగంటే అలగేనండి" అన్నాడు. నేను శ్రద్ధగా రాసుకున్నాను: 'వారసుడిలో స్వతంత్ర నిర్ణయశక్తి తక్కువ.'

సెలవు తీసుకొంటూంటే శావుకారు, "అయితే మంచిరోజు సూసి మీ నాన్నగార్ని రమ్మను తల్లీ" అన్నాడు. "నాన్నగారెందుకండీ? కావాలంటే సంతకం నేనే పెడతాను" అన్నాను. ఆయన తెల్లబోయాడు. లోపల్నుంచి వచ్చిన మామ్మ నా రెక్క పుచ్చుకొని వీధిలోకి లాక్కొచ్చింది.

పలాస స్టేషన్లో బల్ల మీద కూర్చోబెట్టి నిలదీస్తే అప్పుడు బయటపడింది. "మీ నాన్నే సెప్పినాడే గుంటా. పిల్లతో ఎలాగా తిరుగుతున్నావు, కలిగిన ఇళ్లకే ఎల్తన్నారు, ఒక కన్నెట్టి సంబందాలు కూడా సూడమన్నాడు. నానేటి సేత్తాను?" అంది. ప్రతి ఇంట్లోనూ నేను అరుగు మీద వ్యూహాల గురించి అడిగేలోపు, ఆవిడ లోపలికి వెళ్లి మేం పిల్లవైపు వాళ్లమని చెప్పేసేది. నా ప్రశ్నలన్నీ అచ్చం పెళ్లివారు అడిగే ప్రశ్నలే కదా! వాళ్లు చెప్పిన జవాబులన్నీ వియ్యాలవారి ముందు కొట్టిన డాబులు. ఏ గడిలోకీ పనికిరావు. మేస్టారు నా అంశం ఇంకొకరికిచ్చేస్తారు, నేను ఆ టెరిలిన్ చొక్కా పక్కన పీటల మీద కూర్చుంటాను. ప్లాట్‌ఫారం మీద అందరూ చూస్తూండగా భోరున ఏడ్చాను.

మామ్మకి నా ఏడుపు ఎప్పుడూ పడదు. ఓదార్చడం కూడా ఆవిడకి ఊళ్లో కబుర్లు చెప్పడమే. "ఊరుకోయే. ఆ ముసిలోడు సెప్పిందంతా డాబేనే. ఆడికేటి తెల్సు? మొదటిసారి పంపిన డబ్బాలు సెమ్మెక్కిపోయి పై దేశమోళ్లు వొద్దనీసినారంట. ఈడు మంచమెక్కి పడుకున్నాడంట. అప్పుడు ఆడి పెళ్లామే కాసుల పేరు అమ్మీసి మళ్లీ జీడిపిక్క కొనిపించినాదంట. పప్పు ఎంతసేపు ఆరాలో, ఏది ఏ డబ్బాలోకి ఎల్లాలో అంతా ఆవిడే సూత్తాదంట. ఆవిడ సెయ్యి ఎట్టి సూడందే ఇప్పుడికీ డబ్బాకి మూత ఎయ్యరంట" అంది. నా ఏడుపు సగంలో ఆగింది. "మామ్మా, పసుపు శావుకారు ఇంట్లో ఎవరు చూస్తారు?" అన్నాను. "ఆడి అత్త" అంది. "మరి గోగునార?" "ఆడికి రంగంలో ఎవులు తెల్సు? ఆడి పెళ్లాం పుట్టిల్లు రంగం. బేరం ఆవిడ అన్నదమ్ములు కుదిర్సినారు" అంది, పొగ వదులుతూ. (రంగం అంటే మా వైపు రంగూను.)

రైలొచ్చింది, మేం ఎక్కకుండానే వెళ్లిపోయింది కూడా. నేను అప్పటికే మామ్మని లాక్కొని శావుకారి పెరటి గుమ్మం దగ్గర ఉన్నాను. శావుకారమ్మ చాటలో పప్పు ఏరుతోంది. "నేను పెళ్లి కోసం రాలేదండీ. పుస్తకం రాయడానికొచ్చాను" అని ఒక్క గుక్కలో చెప్పేశాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, మామ్మని చూసి, నవ్వడం మొదలుపెట్టి చాట కింద పెట్టేసింది. "పుస్తకానికా? మరీ మంచిది. అయితే నిజమే సెప్పొచ్చు. కూకో" అంది. కూర్చున్నాను. ఆ పూటంతా పప్పు ఏరుతూ విన్నాను. మోసపోయినవీ, నేర్చుకున్నవీ, ఎవరి మాట నమ్మాలో ఎవరి మాట నమ్మకూడదో అన్నీ చెప్పింది. తరవాత శ్రీకాకుళం, విజయనగరం వెనక్కి వెళ్లి, ఈసారి అరుగు ఎక్కకుండా నేనే పెరటి దారిన లోపలికి వెళ్లాను. నా జన్మలో అంత చక్కగా ఏ పనీ చేయలేదని ఇప్పటికీ నా నమ్మకం.

సెలవుల తరవాత గళ్ల మేస్టారు నా కాగితాలు ముందు పెట్టుకొని చాలాసేపు చూశారు. "ఇదంతా వంటింటి కబురు కదమ్మాయ్. పెట్టుబడి, నాణ్యత, విదేశీ పరిచయాలు, ఇవన్నీ శావుకారు గడిలో ఉండాలి. ఈ ఆడవాళ్లని ఏ గడిలో రాయమంటావు?" అన్నారు. "కొత్త గడి గీయాలండీ" అన్నాను. గదిలో ఉన్న తక్కిన పరిశోధకులు (అంతా మగపిల్లలే) నన్ను ఇక ఇంటికి పంపించేస్తారనే అనుకున్నారు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకొని, మళ్లీ మొదటి కాగితం నుంచి చదివి, "ఏదీ, ఆ స్కేలు ఇలా ఇవ్వు" అన్నారు. ఆ సాయంత్రం వాల్తేరు మెట్ట దిగుతూంటే సముద్రం కూడా నన్ను చూడడానికే వచ్చిందనుకున్నాను.

ఆ గర్వంతోనే ఇంటికి వెళ్లాను. కాని మా నాన్న అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. రాత్రి భోజనాలయ్యాక మామ్మని పట్టుకొని, "మేస్టారు సంగతి సరేనమ్మా. ఇన్ని ఇళ్లు తిరిగినారు, ఏ సంబందం బాగున్నాది?" అన్నాడు. నేను తలుపు వెనక నిలబడి వింటున్నాను. మామ్మ చుట్ట ముట్టించుకుంది.

"ఒక్కటీ బాగోనేదు" అంది.

"అదేటమ్మా? అందరూ కలిగినోళ్లే కదా?"

"కలిగినోళ్లే. ఆ కలిమి ఎవులు తెచ్చినారు? నగలు ఆ ఆడోళ్లవి, బుర్ర ఆళ్లది, రెక్కల కష్టం ఆళ్లది. గుమ్మం మీద బోర్డు సూత్తే మొగుడి పేరు. నా మనవరాల్ని అలాటి ఇంటికి ఇవ్వను. నాను బతికున్నంత కాలం నా పేరు ఎవులైనా అడిగినారేటి? అందరికీ నాను నీ అమ్మనే. దాన్ని సదవనీ. దాని పేరుతో ఒక బోర్డు ఉండనీ."

నాన్న "సరే, కానీ" అని కండువా దులుపుకొని లేచాడు.

తలుపు వెనక నేను గర్వంతో ఉబ్బిపోయాను. నా పరిశోధన ఫలితాన్ని లోకంలో మేస్టారి తరవాత ఒప్పుకున్న రెండో మనిషి మా మామ్మ అని, అంతా నా వాదన బలమేనని పొంగిపోయి, పొద్దున్న ఆవిడకి నా రెండో అధ్యాయం చదివి వినిపించాను కూడా. ఆవిడ ఓపిగ్గా విని, "బాగున్నాది గాని, ఇంత పొడుగు రాసినావేటే?" అంది. నేను నొచ్చుకున్నాను. రాత్రి నాన్నతో అన్న మాట నా పరిశోధన ఫలితం కాదు, ఆవిడ తన బతుకంతా చూసి చెప్పినదని తెలియడానికి నాకు డాక్టరేటు చాల్లేదు, ఆవిడ వయసు రావలసి వచ్చింది. ఇప్పుడు ఆ పొగరుబోతు పిల్ల గుర్తుకొస్తే నవ్వొస్తుంది. ఏం చేస్తాను, ఆ వేసవంతా మామ్మ పక్కనే తిరిగాను, ఊళ్లో అందరి వ్యూహాలూ అడిగాను, ఆవిడని మాత్రం ఒక్క ప్రశ్నా అడగలేదు.