వంకాయ నాకు అర్థం కాలేదన్న రోజు

బి.ఎడ్.లో మాకు పిల్లల ఎదుగుదల మీద ఒక పేపరు ఉండేది. అందులో అన్నీ తగవులే. పిల్ల తనంతట తానే మెట్టు మెట్టుగా ఎదుగుతుందని ఒక వర్గం. కాదు, పక్కనున్న మనుషుల మాట పట్టుకుని పైకి వస్తుందని ఇంకో వర్గం. రెండు భాషలు పసిబుర్రకి బరువని కొందరు, బలమని కొందరు. పరీక్షలో రెండు వైపులా రాసి, చివర ‘రెండింట్లోనూ నిజం ఉంది’ అని ముగిస్తే మార్కులు పడేవి. నాకు బాగానే పడ్డాయి.

తరగతి గదిలో అలా గోడ మీద పిల్లిలా కూర్చోవడం కుదరదు. ఎదురుగా ఒక పిల్ల ఉంటుంది, ఏదో ఒకటి చెయ్యాలి. నేనూ ఒకటి చేశాను. అది తలుచుకుంటే ఇప్పటికీ తిన్న అన్నం ఒంటపట్టదు.

టాటానగర్ స్టేషన్ వైపు ఒక హిందీ బడిలో ఒకటో తరగతి నాది. రోజూ సోనారి నుంచి స్కూటీ మీద వెళ్ళి వస్తాను. నిరుడు ఒక రైల్వే ఉద్యోగి కూతురు నా క్లాసులో చేరింది. తండ్రివి షిఫ్టు డ్యూటీలు, తల్లికి సాక్చీ బజారులో బట్టల కొట్లో పని. పిల్లని పెంచింది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన నాయనమ్మ. ఆ పిల్ల క్లాసులో రెండు నెలలు నోరు విప్పలేదు. పిలిస్తే లేచి నిలబడేది, కూర్చోమంటే కూర్చునేది, అంతే.

ఒకరోజు కూరగాయల బొమ్మలు చూపిస్తున్నాను. ఆ పిల్ల వంతు వచ్చింది. బొమ్మ చూసింది, నన్ను చూసింది, మొహం విప్పారింది. “వంకాయ,” అంది. అంతటితో ఆగకుండా, వాళ్ళ నాయనమ్మ దాన్ని కుంపటి మీద ఎలా కాలుస్తుందో కూడా మొదలుపెట్టింది. మేడమ్ కూడా తెలుగువాళ్ళేనని ఇంట్లో ఎవరో చెప్పి ఉండాలి. ఆ ధైర్యంతోనే మాట్లాడింది. క్లాసంతా గొల్లున నవ్వింది. తలుపు దగ్గర పక్క సెక్షను టీచరు నిలబడి ఉంది.

“సమఝ్ మే నహీ ఆయా, బేటా,” అన్నాను. అర్థం కాలేదు, హిందీలో చెప్పు అని.

అర్థం కాకపోవడమేమిటి? మా అమ్మ వారానికి మూడు రోజులు వండే కూర అది. నేను ఈ ఊళ్ళోనే టెల్కో కాలనీ క్వార్టర్లలో పుట్టి పెరిగాను. నాన్న ఇంజనీరు. మా ఇంట్లో తెలుగు వంటగది గడప దాటేది కాదు. బయట ఎవరైనా ‘మీరు ఆంధ్రావాళ్ళా’ అంటే నాకెందుకో దొరికిపోయినట్టుండేది. ఆ బెరుకు నలభై ఏళ్ళొచ్చినా పోలేదు. ఆరేళ్ళ పిల్ల ముందు అబద్ధమాడించింది.

ఆ పిల్ల బొమ్మని బల్ల మీద పెట్టి కూర్చుంది.

తల్లిదండ్రుల సమావేశానికి నాయనమ్మ వచ్చింది. ఉతికిన నేత చీర, చేతిలో గొడుగు. నన్ను చూడగానే ఊరి మనిషిని చూసినంత సంబరపడి, మాది టెక్కలి దగ్గరమ్మా, మీదే ఊరు అని అడిగింది. పక్కన ముగ్గురు టీచర్లు. నేను హిందీలో జవాబిచ్చాను. ఆ తరవాత నా బి.ఎడ్. అంతా బయటికి తీశాను. ఒక భాష కుదురుకోకుండా ఇంకోటి పోస్తే పిల్ల బుర్ర గందరగోళమవుతుంది, అందుకే వెనకబడింది, ఇకనుంచి ఇంట్లో తెలుగు వద్దు, హిందీయే మాట్లాడండి అన్నాను. ఆవిడకి హిందీ అంతంత మాత్రమే. ఒక్కొక్క ముక్కా కూడబలుక్కుని, అర్థం చేసుకుని, తల ఊపింది.

“అలాగే మేడమ్ గారూ. గుంట బాగుపడతాదంటే నేను నోరు కట్టేసుకోలేనా ఏటి?”

పిల్ల నిజంగానే బాగుపడింది. దసరా సెలవులయ్యేసరికి హిందీలో గలగలా మాట్లాడేస్తోంది. నేను స్టాఫ్ రూములో చెప్పుకున్నాను కూడా. దారిలో పెట్టింది నేనే అన్నట్టు.

ఈ వేసవిలో మాకు శిక్షణ పెట్టారు. మాట్లాడడానికి వచ్చినావిడ పాత తగవులన్నీ మళ్ళీ విప్పింది. కొత్త భాషలో పడిన పిల్ల కొన్నాళ్ళు మాట్లాడకుండా వింటుందనీ, ఆ మౌనం వెనకబాటు కాదనీ చెప్పింది. ఇంటి భాష గట్టిగా ఉంటే బడి భాష దాన్ని పట్టుకుని ఎక్కుతుందట. నా క్లాసు పిల్ల కూడా తన వేళకి తానే నోరు విప్పి ఉంటుందన్నమాట. ఇంట్లో సొంత భాష మానమని చెప్పినవాళ్ళు చేతులెత్తండి అంది. చాలా చేతులు లేచాయి. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

ఆ తగవులు ఇంకా తేలలేదుగా, నేనొక పక్షం తీసుకున్నాను, తప్పేముంది అని మనసుకి సర్దిచెప్పుకోబోయాను. అది ఒప్పుకోలేదు. నేను ఏ పక్షమూ తీసుకోలేదు. నా సిగ్గుకి సరిపడే సిద్ధాంతాన్ని ఏరుకున్నాను. సిద్ధాంతంలో తప్పుంటే దిద్దుకోవచ్చు. ఇది తప్పు కూడా కాదు, పిరికితనం.

బళ్ళు తెరిచాక కూడా పదిరోజులు తాత్సారం చేసి, చివరికి ఒక సాయంత్రం బడి నుంచి నేరుగా రైల్వే క్వార్టర్లకి వెళ్ళాను. వాళ్ళ తలుపు తీసే ఉంది. పిల్ల లోపల నేల మీద ఒక్కతీ కూర్చుని హోంవర్కు రాసుకుంటోంది. నాయనమ్మ లేదు. పక్కింటి వరండాలో, ఆ తలుపు కనిపించేలా కూర్చుని కూరగాయలు తరుగుతోంది. ఇక్కడ కూర్చున్నారేమిటని అడిగాను. తెలుగులో అడిగాను. ఆవిడ కత్తిపీట ఆపి, నా వైపు కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

“గుంట బడి నుండొచ్చినేల నుంచి ఇక్కడే కూకుంటాను, మేడమ్ గారూ. ఆళ్ళమ్మ వచ్చినాక ఎల్తాను. ఇంట్లో ఉంటే నోరు జారి తెలుగొచ్చేత్తాది గదా.”

ఏడాది. రోజుకి మూడు గంటలు. నేను ఆ వరండా మెట్ల మీద కూర్చున్నాను. నేను చెప్పింది తప్పు, ఆ పిల్లతో తెలుగే మాట్లాడండి, కథలు చెప్పండి, నన్ను క్షమించండి అన్నాను. ఆవిడ తరగని కూరగాయలు పళ్ళెంలోకి ఎత్తుకుంది. తరవాత, ఇప్పుడు ఆ పిల్ల తన దగ్గర తెలుగు మాట్లాడదనీ, పలకరిస్తే బడిలో నవ్వుతారంటుందనీ చెప్పింది. ఆవిడ గొంతులో కోపం లేదు. ఉంటే బావుండుననిపించింది.

ఆవిడని వెంటబెట్టుకుని వాళ్ళింట్లోకి వెళ్ళాను. పిల్ల లేచి నిలబడి నమస్తే చెప్పింది. నేను నాయనమ్మ పళ్ళెంలోంచి ఒక వంకాయ తీసి చూపించాను. “ఇదేంటమ్మా? మీ నాయనమ్మ దీన్ని ఎలా కాలుస్తుందో నాకోసారి చెప్పావు కదా. మిగతాది చెప్పు,” అన్నాను.

అది వంకాయని చూసింది, నాయనమ్మని చూసింది, ఆఖర్న నన్ను చూసింది.

“సమఝ్ మే నహీ ఆయా, మేడమ్,” అంది.

దానికి అర్థమైందని నాకు తెలుసు. ఆ రోజు నాకు అర్థమైనంత బాగా అర్థమైంది.