లారీ నడిచే వరుసలో డాక్యుమెంటేషన్

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది నన్ను ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో సిస్టమ్స్ మేనేజర్‌గా వేశారు. ప్రొద్దుటూరు నుంచి రోజూ బస్సులో వెళ్ళేవాణ్ణి. లారీ గేటులోకి వచ్చింది మొదలు బండిని తూచే కాటా ఎక్కి, సరుకు నింపుకుని, బిల్లుతో బయటపడేదాకా చూసుకునే ప్రోగ్రాం మా విభాగానిది.

దాని డాక్యుమెంటేషన్, అంటే ప్రోగ్రాం ఎలా పనిచేస్తుందో చెప్పే పేజీలు, ఎవరూ కూర్చుని రాసింది కాదు. ప్రోగ్రామర్లు కోడు మధ్యలో పెట్టుకున్న వివరణలను, అంటే కామెంట్లను, ఒక టూల్ ఏరి పేజీలుగా పోసేది. అదీ ఫంక్షన్ల, అంటే కోడు ముక్కల, పేర్ల అక్షర క్రమంలో! కాటా దగ్గర తెర మీద పడ్డ ఎర్రర్ ఆ పేజీల్లో ఎక్కడా దొరకదు. ఫంక్షన్ పేరు తెలిస్తేనే దారి. పేరు తెలిసినవాడికి ఆ పేజీతో పనేముంది, నా తలకాయ!

పులివెందుల నుంచి వచ్చిన రూతు, మా జూనియర్ ప్రోగ్రామర్, అప్పుడు ప్రొబేషన్‌లో ఉంది. కాటా ఆగితే లారీలు జమ్మలమడుగు రోడ్డు దాకా నిలిచిపోయేవి. తప్పెక్కడుందో దొరక్క ఈమె పేజీల్లో తడుముకుంటూ ఉండేది. "పిల్ల శానా నిదానమప్పా, పర్మనెంట్ చేసేది కష్టం" అని ప్లాంట్ మేనేజర్ నాతో తేల్చేశాడు. నిదానం పిల్లది కాదు, పేజీలదని వాదించాను. అయితే వాటిని బాగుచేసి చూపించమన్నాడు.

రూతు పట్టుదల మనిషి. ఉన్న పేజీలనే తెరిచి లారీ నడిచే వరుసలోకి మార్చింది: గేటు, ఖాళీ బండి తూకం, లోడింగు, నిండు బండి తూకం, బిల్లు. ప్రతి పేజీకి పైన తెర మీద పడే ఎర్రర్, కింద ఒక ఉదాహరణ. చూస్తే ముచ్చటేసింది. ఇంతలో ఎవరో కోడులో చిన్న మార్పు చేసి టూల్ మళ్ళీ నడిపారు. పాత పేజీలే మళ్ళీ పుట్టాయి. ఆమె శ్రమంతా తుడిచిపెట్టుకుపోయింది.

"నేను రాసిందంతా యాడికి పోయింది సార్?" అంది.

"పేజీలో రాస్తే నిలవదమ్మా. టూల్ యాడనుంచి తీసుకుంటాదో ఆడ రాయాల" అన్నాను.

ఇద్దరం మళ్ళీ మొదలుపెట్టాం. ఆమె తన మాటలను కోడులోని కామెంట్లలోకి ఎక్కించింది. నేను పేజీల అచ్చును, అంటే టెంప్లేటును, మార్చాను. ఆ తర్వాత టూల్ ఎన్నిసార్లు నడిపినా లారీ వరుసే వచ్చింది. మళ్ళీ కాటా ఆగిన రోజు మేనేజర్ వెనకే నిలబడి చూశాడు. రూతు ఎర్రర్‌ను వెతికి, పేజీ తెరిచి, తప్పు పట్టుకుంది. ఆయన చేతిలో టీ చల్లారకముందే లారీలు కదిలాయి. ఆమె ఉద్యోగం ఖాయమైంది.

ఇప్పుడు నా సీటులో రూతే ఉంది. రిటైరైన కొత్తలో ఫ్యాక్టరీ నుంచి పిలుపు వస్తుందని ఫోను పక్కనే పెట్టుకుని కూర్చునేవాణ్ణి. రాలేదు. నిజం చెప్పాలంటే బాధేసింది. ఆ రోజులన్నీ గుర్తొచ్చి ఒకనాడు నేనే ఫోను చేశాను. నన్ను ఒక్కసారీ అడగలేదేమని నిష్ఠూరమాడాను.

"అంతా పేజీల్లోనే ఉంది కదా సార్, మిమ్మల్ని ఏమడిగేది?" అంది.

డాక్యుమెంటేషన్ బాగుందో లేదో తేల్చడానికి నాకు తెలిసిన పరీక్ష అదొక్కటే. రాసినవాడికి ఫోను రాకూడదు.