కెంపు జారిన మధ్యాహ్నం

మా కార్ఖానాలోకి చెప్పులతో ఎవరినీ రానివ్వం. కొత్తగా వచ్చినవాళ్ళు అదేదో భక్తి అనుకుని గుమ్మానికి దండం కూడా పెడతారు. భక్తీ లేదు, పాడూ లేదు. రాయి కింద పడితే ఉత్త అరికాలికి గుచ్చుకుని తెలుస్తుంది. చెప్పు అడుగున ఇరుక్కుంటే చార్మినార్ దాకా నడిచిపోయినా తెలియదు. అందుకే ఆ నియమం.

కార్ఖానా అనేది కూడా పెద్ద మాటే. పాతబస్తీలో ఒక సన్నటి గల్లీలో, గాజుల దుకాణాల వెనక, మా ఇంటి ముందు గది అది. వెండి పని నాది. తీగ లాగడం, రేకు సాగగొట్టడం, అతుకు వేయడం, మెరుగు పెట్టడం. స్వచ్ఛమైన వెండి మెత్తన, ఉంగరం చేస్తే వంగిపోతుంది కాబట్టి కాస్త రాగి కలిపిన నైన్ టూ ఫైవ్ వాడతాను. రాళ్ళు పొదగడం మాత్రం చాచాది. ఆయన మాకు చుట్టం కాదు. మా నాన్న పని చేసిన రోజుల నుంచీ ఆ కిటికీ పక్కన కూర్చున్నాడు, నాన్న పోయాక కూడా అక్కడే కూర్చున్నాడు. ఫోన్‌లో నా ఉంగరాల ఫోటోలు చూసి ఎక్కడెక్కడివాళ్ళో ఆర్డర్లు పెడతారు, నన్ను తెగ పొగుడుతారు. కానీ రాయి చుట్టూ వెండి అంచు వెంట్రుక దూరే సందు లేకుండా కూర్చునేది చాచా చేతుల్లో. ఆయన లేకపోతే నా దగ్గర మిగిలేవి బోసి ఉంగరాలే.

మంట అంటే నాకు భయం లేదు. యాసిడ్ అన్నా లేదు. చేతులు కాలతాయి, మానతాయి. "రాయి మార్చిండ్రు" అన్న మాటకు మాత్రం హడలి చస్తాను. ఆ మాట నిజమా అబద్ధమా అని ఎవరూ ఆగి అడగరు. మా గల్లీ చివర ఒకాయనకు ముత్యాలు, రాళ్ళు అమ్మే దుకాణం ఉండేది. ఎవరిదో పచ్చ మార్చాడన్నారు. మార్చాడో లేదో దేవుడికెరుక. ఇప్పుడాయన అఫ్జల్‌గంజ్ బస్టాపు దగ్గర ఫోన్ కవర్లు అమ్ముతున్నాడు. అటు పోవాల్సి వస్తే నేను రోడ్డు దాటి అవతలి వైపు నుంచి పోతాను. ఆయన కళ్ళల్లో కళ్ళు పెట్టి పలకరించే ధైర్యం నాకు లేదు.

కాబట్టి ఎవరైనా ఇంట్లోని పాత రాయి తెస్తే, వాళ్ళను ఎదుట కూర్చోబెట్టుకునే పని చేస్తాం. పాత నగలోంచి రాయి వాళ్ళ కళ్ళముందే ఊడాలి, కొత్త నగలో వాళ్ళ కళ్ళముందే కూర్చోవాలి. అంతవరకూ వాళ్ళూ లేవకూడదు, మేమూ లేవకూడదు.

ఒక ఎండాకాలం బేగంబజార్ నుంచి ఒకావిడ వచ్చింది. స్టీలు గిన్నెలు హోల్‌సేల్‌గా అమ్మే ఇంటి కోడలు. కొంగు ముడి విప్పి ఒక పాత బంగారు ముక్కుపుడక నా అరచేతిలో పెట్టింది. మధ్యలో పెసర గింజంత కెంపు. దాన్ని ఊడదీసి వెండి ఉంగరంలో పెట్టమంది.

"ముక్కుకు బాగుంటది కదక్కా, ఉంగరం ఎందుకు?" అన్నాను.

"మా అమ్మది చెల్లె. పాణం పోయినంక, తీస్కపోయే ముంగట ముక్కుకెల్లి తీసి నా చేతుల పెట్టిండ్రు. మిగిలిన బంగారమంతా అన్నలు, వదినెలు పంచుకున్నరు. నాకు గిదొక్కటే. ముక్కుకు పెట్టుకుంటే నాకేం కనబడ్తది? వేలికుంటే బువ్వ తినేటప్పుడన్న జూస్కుంటా."

నాకు వెంటనే నచ్చిందామె. వేలి కొలత తీసుకున్నాను. ముక్కుపుడక తనతోనే తీసుకుపొమ్మని, ఉంగరం తయారయ్యాక కబురు పెడతానన్నాను. నాలుగు రోజులు ఆ ఉంగరంతోనే కూర్చున్నాను. రాయికి గూడు కట్టి, అంచును పలచగా ఆకురాయితో దిద్ది, కబురు పెట్టాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక వచ్చింది.

రాయి పని మొదలయ్యేటప్పుడు ఫ్యాను ఆపేస్తాం, తలుపు గడియ పెడతాం. చాచా తన పీట మీద, ఆయన ముందు టేబుల్ లైటు, ఎడమ పక్కన ఉంగరం పట్టుకుని నేను, ఎదురుగా ఆమె. "వీడియో తీస్కుంట, ఏమనుకోకుండ్రి, మా ఆడిబిడ్డకు చూపియ్యాలె," అంటూ ఫోన్ పైకెత్తింది. చాచా తల ఊపాడు. ఈ రోజుల్లో అందరూ తీసుకుంటారు.

ముక్కుపుడక బంగారు రేకులను చాచా ఒక్కొక్కటిగా సన్నటి ఉలితో పైకి లేపాడు. అరిగిపోయిన పాత బంగారం, మొండికేసింది. చివరి రేకు దగ్గర ఉలి కాస్త నొక్కాడు. టక్కుమని చిన్న చప్పుడైంది. గూడు ఖాళీ.

"హిల్నా నై! ఎవ్వరు హిలద్దు!" అని చాచా అరిచాడు.

రాయి ఎగిరినప్పుడు మా గదిలో అరిచే అరుపు అది. ఎక్కడివాళ్ళు అక్కడే బిగుసుకుపోవాలి. కాలు తీసి కాలు వేయకూడదు, చీర సర్దుకోకూడదు. నాకది కొత్తేమీ కాదు. ఎన్నో రాళ్ళు ఎగిరాయి, ఎన్నో దొరికాయి. కానీ అవన్నీ మా రాళ్ళు. మార్కెట్లో ఇంకోటి దొరికే రాళ్ళు. ఇది చచ్చిపోయిన తల్లి ముక్కు మీది రాయి.

చాచా ముందు తన ఒళ్ళో పరిచిన గుడ్డ చూశాడు. పీట మీద, పీట కింద, సొరుగులో చూశాడు. నేను కూర్చున్న చోటు నుంచే మెత్తటి కుంచెతో గచ్చు ఊడ్చి, దుమ్మంతా పళ్ళెంలోకి ఎత్తాను. చున్నీ దులిపాను. ఆమె కూడా చీర కుచ్చిళ్ళు దులిపింది, చేతిసంచి బోర్లించింది. దుమ్ములో నీళ్ళు పోసి కడిగి చూశాం. అడుగున వెండి రజను మిగిలింది, ఇనుప ముక్కలు మిగిలాయి. ఎర్రటిది ఏదీ కనపడలేదు. ఫ్యాను ఆపిన గదిలో అందరికీ చెమట కారుతోంది.

అప్పుడామె వీడియో తిప్పి చూసింది. ఒకసారి చూసి, మళ్ళీ చూసి, ఫోన్ నా మొహం ముందు పెట్టింది. అందులో రాయి ఎగరడం కనిపించలేదు. ఉలి నొక్కడం, ఆ వెంటనే చాచా పిడికిలి గబుక్కున మూసుకోవడం కనిపించాయి. చేజారే వస్తువును పట్టుకోబోతే ఎవరి చెయ్యయినా అలాగే మూసుకుంటుంది. కానీ ఫోన్‌లో చూస్తే నాకే దడ పుట్టింది. చూసినవాళ్ళు ఏమంటారో నాకు మాట మాటా వినపడింది.

"చెయ్యెట్ల మూసిండో సూడు చెల్లె," అంది. "నేనేమంటలేను. ముందుగాల ఆయన జేబులు జూడు. లేకుంటే ఈ వీడియో మా గ్రూపుల పెడ్త, నలుగురే చెప్తరు."

మామూలుగా నా నోరు గల్లీలో అందరికీ తెలుసు. పొద్దున్నే స్కూటర్ అడ్డం పెట్టినవాళ్ళకు నేనంటే హడల్. ఇక్కడ మాత్రం ఆ నోరు పనికిరాదు. చూడను అంటే వీడియో సాయంత్రానికి బేగంబజార్ అంతా తిరుగుతుంది. చూస్తే, ఆ జేబుల్లో చెయ్యి పెడితే, చాచా ఇంక ఈ గుమ్మం తొక్కడు. నా బతుకు రెండు వైపుల నుంచీ ఊడిపోతున్నట్టు అనిపించింది. నిజం చెప్పాలంటే, వీడియో కంటే ఆ రెండోదానికే ఎక్కువ భయపడ్డాను.

నేనేదో అనేలోపే చాచా లేచాడు. గచ్చు మీద పాత పేపరు పరిచి దాని మీద నిలబడ్డాడు. కుర్తా బొత్తాలు విప్పి, తల మీదుగా తీసి, పేపరు మీద దులిపాడు. జేబులు బయటికి తిరగేశాడు. టోపీ తీసి విదిలించాడు. గడ్డంలో వేళ్ళు పెట్టి దువ్వాడు. చిరిగిన బనీనులోంచి ఎముకలు కనిపిస్తున్నాయి. ఆయన్ని అలా ఎన్నడూ చూడలేదు నేను. ఉతికిన కుర్తా లేకుండా పని దగ్గర కూర్చునే మనిషి కాదు.

"ఇంకేమన్న జూడాల్నా అమ్మా?" అన్నాడు.

ఆమె తల దించుకుంది. కానీ ఫోన్ దించలేదు. "మా ఆయనకు ఫోన్ చేస్త," అంది.

"చెయ్యి బిడ్డా. జర దో మినిట్ ఆగు. ఎవరు యాడ కూసున్నరో మల్ల ఆడ్నే కూసోండ్రి."

కుర్తా వేసుకోకుండానే పీట మీద కూర్చుని, సొరుగులోంచి ఒక పొట్లం తీశాడు. అందులోంచి కెంపంతే ఉన్న ఎర్ర గాజు రాయి ఏరాడు. రాళ్ళు పొదిగేవాళ్ళ ఆఖరి ఉపాయం అది. పోయిన రాయిని వెతకడానికి ఇంకో రాయిని పంపుతారు. గాజు రాయిని అదే ముక్కుపుడక గూట్లో పెట్టాడు, అదే చోట ఉలి ఆనించాడు, అలాగే నొక్కాడు. అది ఆయన ఒళ్ళోకే దూకింది. మళ్ళీ పెట్టి నొక్కాడు. ఈసారి గచ్చు మీద పడి ఆమె కాలి దగ్గర ఆగింది. ఆమె ఉలిక్కిపడి కాళ్ళు దగ్గరికి లాక్కుంది.

మూడోసారి అది పైకెగిరి లైటు రేకు అంచుకు తగిలింది. ఖణేలుమంది. తర్వాత కనపడలేదు.

నా మోచేతి దగ్గర చీమ పాకినట్టయింది.

నేను కదల్లేదు. చాచా నా వైపు చూశాడు. ఆమె కూడా చూసింది. ఉక్కకు తట్టుకోలేక కుర్తా చేతులు మోచేతి దాకా మడుచుకుని ఉన్నాను. చున్నీ దులిపాను గానీ ఆ మడతలు విప్పాలని తట్టలేదు. నన్ను విప్పమని అడగాలని ఎవరికీ తట్టలేదు, దుకాణం నాది కదా. చెయ్యి పేపరు మీదికి చాచి మడత విప్పాను. గాజు రాయి పడింది. దాని వెనకే కెంపు పడింది.

ఒక్క నిమిషం ఇంకో భయం పట్టుకుంది. దాచింది నేనే అంటుందేమోనని. కానీ ఆమె రాయిని గుప్పిట్లో పెట్టుకుని, ఆ గుప్పిటను నుదుటికి ఆనించుకుని, వెక్కివెక్కి ఏడుస్తోంది. చాచా కుర్తా తొడుక్కుని బొత్తాలు పెట్టుకున్నాడు. ఆమె ఏడుపు ఆగేదాకా ఆగి, చెయ్యి చాచి రాయి అడిగాడు. ఆ చెయ్యి కొంచెం కూడా వణకలేదు. ఉంగరంలో కెంపు కూర్చోబెట్టి, వెండి అంచును చుట్టూ నొక్కుకుంటూ వచ్చి, మెత్తటి గుడ్డతో తుడిచి ఇచ్చాడు.

ఆమె వేలికి పెట్టుకుని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసుకుంది. వీడియో మా ముందే తీసేసింది. "తప్పు వట్టకు చాచా. అమ్మ మల్లొకసారి పోయినట్టయింది నాకు, పాణం ఆగలే," అంది.

"కోయి బాత్ నై బిడ్డా. కుషీగ తొడుక్కో."

ఆమె వెళ్ళిపోయింది. ఆమె మీద కోపం తెచ్చుకోవాలని చూశాను, రాలేదు. చాచా మాత్రం సాయంత్రం చాయ్ తాగకుండానే లేచాడు. "పోయొస్త బేటీ," అన్నది కూడా వినపడీ వినపడనట్టుగా అన్నాడు.

మర్నాడు పొద్దున్న నేను పని ముట్టలేదు. గల్లీలో ప్రతి అడుగు చప్పుడుకీ తల ఎత్తాను. ఆయనకు ఎక్కడైనా పని దొరుకుతుంది. రమ్మని అడిగేవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు. క్షమించమని అడగడానికి ఇంటికి వెళ్ళాలా, వెళ్తే ఇంకా చిన్నబుచ్చినట్టా? ఏదీ తేలక కిటికీ పక్కన ఖాళీ పీట చూస్తూ కూర్చున్నాను. రోజూ వచ్చే వేళకే వచ్చాడు. చెప్పులు బయట విడిచి, "చాయ్ పెట్టలేదా?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. వంటింట్లోకి పారిపోయాను.

ఆ రోజంతా మామూలుగానే గడిచింది. సాయంత్రం లైటు ఆపి, పనిముట్లు సర్ది, చాచా లేచాడు. గుమ్మం దగ్గర పేపరు పరిచి దాని మీద నిలబడ్డాడు. కుర్తా బొత్తాలు విప్పడం మొదలుపెట్టాడు.

"చాచా, ఏందిది? వద్దు. నేనడిగిన్నా? నా మీద ఒట్టు, వద్దు!" అని అరిచాను.

కుర్తా తీసి దులిపాడు. జేబులు తిరగేశాడు. ఆయన మొహంలో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

"నా కోసం కాదు బేటీ, నీ కోసమే," అన్నాడు. "రేపెవరన్నా అడిగితే నువ్వు కండ్లార జూసిన అని చెప్పాలె కదా. ఇటు జూడు."

చూశాను. అప్పటి నుంచి రోజూ సాయంత్రం చూస్తున్నాను.