ఉప్పు లేని గిన్నె

మా అక్క మొగుడిది మాంసం కొట్టు. వీధంతా అతన్ని 'కత్తి' అనే పిలిచేది. పనితనానికి కొంత, నోటికి కొంత. నాకు మాత్రం బావ. అక్క మీద చేయి చేసుకోవడం అతనికి మూతి తుడుచుకున్నంత మామూలు. అందుకే పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయిందని తెలిసినప్పుడు, పాపమైతే అయింది, నా కడుపు చల్లబడింది.

ఆ సంబరం నిలవలేదు. ఎడమచెయ్యి ఉందిగా.

ఆస్పత్రిలో ఇలాంటి రోగుల ఇంటివాళ్లకు తిండి గురించి పాఠం చెప్పే ఒకావిడ ఉంది. అక్కను ముందు వరసలో కూర్చోబెట్టుకుని నేర్పింది. రక్తపోటు పెరిగి మళ్లీ పక్షవాతం వస్తే మనిషి దక్కడు, కాబట్టి ఉప్పు బాగా తగ్గించాలి, కొవ్వు మానాలి. గొంతు సరిగా పనిచేయదు కనుక పల్చటి నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి; జావలా చిక్కగా చేసి, నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కిందికి దించి చెంచాతో మింగించాలి. గొంతుకు ఏదైనా అడ్డం పడితే ముందుకు వంచి, రెండు భుజాల మధ్య అరచేతి మొదలుతో గట్టిగా కొట్టాలి. అక్క దిండు మీద కొట్టి చూపిస్తే ఆవిడ, "అంత మెత్తగా కాదమ్మా" అంది.

ఇంటికొచ్చాక యుద్ధమే. మొదటి గిన్నె గోడకు తగిలింది. రెండోది అక్క కనుబొమ్మ చీల్చింది, కుట్లు పడ్డాయి.

"ఉప్పేదే?" అని వంకర మూతితో అరిచేవాడు. "ఉప్పు లేకపోతే మాంసం కుళ్లదా? చూడు, నా చెయ్యి చచ్చి పడుంది. దాన్ని కుళ్లబెడుతున్నావు."

అది వెటకారం కాదు. ఏళ్ల తరబడి మాంసానికి ఉప్పు పట్టించి నిలవబెట్టినవాడు, ఒంటికీ అదే లెక్క అనుకున్నాడు. నిజంగానే భయపడ్డాడు. ఆ భయమంతా అక్క ఒంటి మీద వాతలై తేలేది.

"వదిలేసి మా ఇంటికి వచ్చెయ్ అక్కా," అన్నాను.

"నేను పోతే నీళ్లు తాగించడం కూడా ఎవరికీ రాదే. ఆయన చచ్చిపోతారు."

"చస్తే పీడా పోతుంది."

అక్క లేచి జావ కలపడానికి వెళ్లింది.

ఒక మధ్యాహ్నం మేమిద్దరం పెరట్లో బట్టలారేస్తుంటే లోపల ఏదో పడ్డ చప్పుడై పరిగెత్తాం. బావ గోడ పట్టుకుని కాలీడ్చుకుంటూ కొట్టుగదిలోకి పోయి, కొక్కేనికి వేలాడే ఉప్పు మాంసం పీకి నోట్లో కుక్కుకున్నాడు. ముఖం నల్లబడింది. గొంతు దాటి గాలి కూడా పోవడం లేదు. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. కదలబుద్ధి కాలేదు.

అక్క నన్ను తోసుకుని వెళ్లింది. మెడ పట్టి వంచి, ఉన్న బలమంతా పెట్టి కొట్టింది. ముక్క నేలమీద పడింది. బావ గుర్రుమని ఊపిరి పీల్చాడు. అక్క ఆపలేదు. వీపు, మెడ, చెంప, ఎక్కడ దొరికితే అక్కడ. "తింటావా? ఇంకా తింటావా నువ్వు?" పెళ్లైననాటి నుంచి మొగుణ్ణి 'మీరు' తప్ప అనని నోరు అది. బావ ముక్కులోంచి రక్తం కారి చొక్కా తడిసింది. నేను అడ్డు వెళ్లలేదు. ఇన్నాళ్లకైనా తిరగబడింది అనుకున్నాను.

ఆ సాయంత్రం గిన్నె ముందు పెడితే బావ మారు మాట లేకుండా గడ్డం దించి తిన్నాడు. దెబ్బకు దెయ్యం వదిలిందని చుట్టుపక్కలవాళ్లు నవ్వుకున్నారు. తర్వాత ఎప్పుడు నోరు బిగించినా అక్క చెయ్యెత్తేది. ఒక్కోసారి ఎత్తడంతో ఆగేది కాదు. బావ రక్తపోటు దిగింది. అక్క మాత్రం నాతో మాటలు తగ్గించింది.

మళ్లీ పాఠానికి పిలిచినప్పుడు నేనూ తోడు వెళ్లాను. ఆవిడ బావ రక్తపోటు కాగితాలు చూసి మురిసిపోయింది. "అంత మొండి మనిషిని ఎలా దారికి తెచ్చావమ్మా?"

"నేనంటే భయం," అంది అక్క.

గదిలో ఆడవాళ్లంతా పకపకా నవ్వారు. నేనూ నవ్వాను.

"నవ్వకండి," అంది అక్క, చేతులు రెండూ ఒళ్లో బిగించుకుని. "నిజంగానే కొడుతున్నాను. బుద్ధిగా తిన్న రోజు కూడా కొడుతున్నాను. తినిపించడం నేర్పారు కదమ్మా, ఇది ఆపడం కూడా నేర్పండి."