క్యాన్ల వరుస, వదలని కనెక్షన్లు

"ఆ ఆపరేటర్‌కి స్క్రీన్ మూయడం రాదు." మా మేనేజరు డెయిరీవాళ్లకు చెప్పిన ఈ ఒక్క మాటతో ఒకామె పని పోయింది. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతోంది.

హోసూరులో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో నేను ప్రోగ్రాములు రాస్తాను. ఇంజినీరింగ్ చదవలేదు. నాకొచ్చిన విద్య అంతా లైబ్రరీలో కూర్చుని, పాత కంప్యూటర్ పుస్తకాలను అర్థమయ్యేదాకా చదివి నేర్చుకున్నదే. ఆ సంగతి చెప్పుకోవడం నాకు గర్వం.

ఒక ప్రైవేటు డెయిరీకి మేము పాల సేకరణ ప్రోగ్రామ్ చేసిచ్చాం. పొద్దున పాలు పోసే వేళకు అన్ని సెంటర్లలోనూ స్క్రీన్ బిగుసుకుపోయేది. సర్వర్‌ను ఆపి మళ్లీ నడిపిస్తే కాసేపు బాగుండేది. డేటాబేస్ కనెక్షన్లను ఎక్కువగా పట్టుకుని కూర్చున్నది సూళగిరి సెంటర్ అని మేనేజరు కనిపెట్టాడు. చూసి వస్తానని నేను బస్సెక్కాను.

అక్కడ మనుషులు తక్కువ, క్యాన్లు ఎక్కువ. క్యాను వరుసలో పెట్టి ఎవరి పని మీద వాళ్లు వెళ్లడం అక్కడి పద్ధతి. వెన్న శాతం చూసేటప్పుడు మాత్రం పాలు తెచ్చినవాళ్లు ఎదురుగా ఉండాలి. అందుకని కంప్యూటర్ ముందు కూర్చునే ఆమె ఒక్కో క్యానుకు ఒక్కో ఎంట్రీ తెరిచి, మనిషి తిరిగి వచ్చేదాకా దాన్ని అలాగే ఉంచేది.

"ఇన్ని తెరిచిపెట్టినావే, మూసేయకూడదామ్మా?" అన్నాను.

"మూస్తే వరస పోతాదప్పా. మళ్లా తెరిస్తే నంబరు కడాకు పోతాది. ఆ నీలం మూత క్యానామె బిడ్డను స్కూలు బస్సెక్కించేకి పోయింది. వచ్చి నా వరస యాడ అంటే నువ్వు చెప్తావా?"

వెనకనుంచి ఒక పెద్దాయన అందుకున్నాడు. "ఈయప్ప చెప్తే ఆయమ్మ వింటాదా? క్యాను ఈయప్ప నెత్తిన పెడతాది."

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తప్పు ఎక్కడుందో నాకు అప్పుడే అర్థమైంది.

మా ప్రోగ్రామ్‌లో డేటాబేస్‌తో మాట్లాడే పనిని ఓఆర్ఎం అనే పనిముట్టు చూసుకుంటుంది. అది అన్ని సెంటర్లకూ కలిపి కొన్ని కనెక్షన్లను మాత్రమే సిద్ధంగా ఉంచుతుంది. పని పడినవాళ్లు ఒకటి తీసుకుని, పని కాగానే తిరిగి ఇచ్చేయాలి. మా లైబ్రరీలో పెద్ద నిఘంటువు ఒకటే ఉండేది. కావలసిన మాట చూసుకుని దాన్ని బల్ల మీద పెట్టేస్తే, తర్వాత మన కాగితం మీద మనం ఎంతసేపైనా రాసుకోవచ్చు. కనెక్షన్ ఆ నిఘంటువులాంటిది. మా ప్రోగ్రామ్ ఎంట్రీ తెరవగానే ఒక సెషన్, అంటే డేటాబేస్‌తో ఒక విడత సంభాషణ, మొదలుపెట్టి, పాలు తెచ్చినవాళ్ల వివరాల కోసం కనెక్షన్ తీసుకుని, సేవ్ నొక్కేదాకా ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. స్కూలు బస్సు ఆలస్యమైతే మా డేటాబేస్ కూడా ఆ బస్సు కోసమే కాచుకుని ఉండేది.

ఆఫీసుకు వచ్చి అదే చెప్పాను. "వివరాలు చదవగానే సెషన్ మూసేయాల సార్. సేవ్ కొట్టినప్పుడు కొత్తది తెరిచి, రాసి, మూసేయాల. ఆమె తప్పేం లేదు."

"లేటయింది. నేను డెయిరీకి చెప్పేశాను. ఆవిణ్ణి మార్చేస్తున్నారు."

"చూడకుండా ఎట్ల చెప్పినారు సార్?"

"లైబ్రరీ పుస్తకాలు చదివొచ్చి నాకు పాఠాలు చెప్పకు. నీ తృప్తి కోసం కావాలంటే ప్రోగ్రామ్ మార్చుకో."

మార్చాను. నా మార్పు సర్వర్‌కు ఎక్కిన రోజే ఆమె కుర్చీలో కొత్తాయన కూర్చున్నాడు. స్క్రీన్ బిగుసుకోవడం ఆగిపోయింది. "మనిషిని మార్చగానే ఎలా సర్దుకుందో చూశావా," అన్నాడు మేనేజరు. ఆమెను తీసేయడమే ఆమె తప్పుకు రుజువైపోయింది.

డెయిరీ సూపర్‌వైజరు మా ఆఫీసుకు వచ్చినప్పుడు అందరి ముందూ లేచి నిలబడ్డాను.

"ఒక్క పొద్దున పాత ప్రోగ్రామ్ పెడతాను సార్. కుర్చీలో మీ కొత్తాయననే ఉంచండి. బిగుసుకోకపోతే నేనే పని మానేస్తా."

మేనేజరు మొహం నల్లబడింది. సూపర్‌వైజరు సరేనన్నాడు.

పాత ప్రోగ్రామ్ పెట్టిన పొద్దున సూపర్‌వైజరు తనే సూళగిరికి వెళ్లి నిలబడ్డాడు. కొత్తాయన కూడా క్యాను క్యానుకూ ఎంట్రీ తెరిచాడు; ఆ వరుస ముందు కూర్చున్నవాళ్లెవరైనా చేయగలిగింది అదే. కాసేపటికి ఫోన్ వచ్చింది. "నిలిచిపోయిందప్పా. నీ కొత్తది పెట్టేయ్. మీ సారును ఆయమ్మకు ఫోన్ చేసి చెప్పమను."

మేనేజరు ఆమెకు ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాడు. "చిన్న టెక్నికల్ ఇష్యూ అమ్మా, క్లియర్ అయింది. రేపట్నుంచి వచ్చేయండి."

"ఆ టెక్నికల్‌కు మనిషి లేడా సార్? నాకైతే పేరు పెట్టినారు గదా, మూసేది రాదని."

అతను నావైపు చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు.

"మా ప్రోగ్రామ్‌లోనే తప్పు," అన్నాడు గొంతు తగ్గించి.

"ఆ మాట ఈడికొచ్చి, క్యాన్లవాళ్లు ఉండగా చెప్పండి. అప్పుడు కూర్చుంటా," అని ఫోన్ పెట్టేసింది.

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలి, "నువ్వెళ్లి చెప్పిరా," అన్నాడు.

"పొద్దున మొదటి బస్సుంది సార్. మీకు సీటు పట్టి పెడతాను," అన్నాను.